మనుమలకు ఏ కానుక ఇవ్వవలెను?

కదిరి తేరునాడు అంగళ్ళలో కొన్న ఆటవస్తువులలో చాలవరకు ఉగాది వచ్చులోగా విరిగి మూలపడును. కొనియిచ్చిన తాతయు అవ్వయు అందుకు నొచ్చుకొనరు. బిడ్డ నవ్వినది చాలునందురు. అదియు నిజమే. కాని అంతకు తక్కువ ఖర్చుతోనే ఏడాది పొడుగునను బిడ్డ చేతికి పని, బుద్ధికి మేత కల్పించు కానుకలు కొన్ని గలవు.

బొమ్మ కొనునప్పుడు ముందు చూడవలసినది రంగు. కొన్ని పసుపు, ఎరుపు రంగులలో సీసపు లవణము లుండును. పసిబిడ్డ బొమ్మను నోట పెట్టుకొనకుండ ఉండదు. సీసము కొంచెమైనను మెదడు పెరుగుదలకు చెరుపే. 2021 జనవరి 1 నుండి మన దేశమున బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేయబడినది. అంకుడు కఱ్ఱతో చేసి, లక్కలో చెట్ల రంగులు కలిపి పూసిన ఏటికొప్పాక బొమ్మలు మంచివి. గుండీవంటి చిన్న బ్యాటరీలున్న బొమ్మలను పసివారికి దూరముగా ఉంచవలెను. బ్యాటరీని మ్రింగినచో అన్నవాహిక కాలిపోవును.

ఇక అనంతపురము సీమ బిడ్డకు వానకంటె దగ్గరి శాస్త్రము లేదు. నైఋతి ఋతుపవనముల తేమను పడమటి కనుమలు ముందే పిండుకొనును. తూర్పుతీరము దూరమగుటచే ఈశాన్య ఋతుపవనములు ఇచ్చటికి అలసి చేరును. అందుచే ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. దానిని కొలుచు సాధనమును తాతయే చేసి ఇవ్వవచ్చును. అడుగు చదునుగా, గోడలు నిట్టనిలువుగా ఉన్న డబ్బా ఒకటి, స్కేలు ఒకటి, నోటుపుస్తకమొకటి చాలును. మూతి, అడుగు ఒకే వెడల్పుగా ఉండవలెను. ఇరుకు సీసాపై వెడల్పు గరాటు పెట్టినచో లెక్క తప్పును. చెట్టుకు, గోడకు దూరముగా డబ్బాను ఇటుకల నడుమ నిలిపి, ప్రతి ఉదయము 8.30 గంటలకు నీటి లోతు చూచి వ్రాయవలెను. వాతావరణ శాఖవారి వేళయు అదియే. ఆలస్యమైన కొలది ఎండకు, గాలికి నీరు ఆవిరి యగును.

ఒక మిల్లీమీటరు వాన యనగా చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. 20 చదరపు మీటర్ల మిద్దెపై 30 మిల్లీమీటర్లు కురిసినచో 600 లీటర్లు. 15 లీటర్ల బిందెలు నలుబది! ఈ లెక్క చేసిన పిల్ల మిద్దెతూము వంక మరియొక కంట చూచును.

తేదీ ప్రక్కన కార్తె పేరు వ్రాయించు పని అవ్వది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున ఉండు పదమూడు, పదునాలుగు దినములే కార్తె. ఆరుద్ర జూన్ 22 ప్రాంతమున మొదలగును. ఈ తీరు లెక్కలపై ఆసక్తి కలిగిన పిల్లకు మహీధర నళినీమోహన్ వ్రాసిన ‘కేలండర్ కథ’ తగిన పుస్తకము. చిన్నవారికి నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయపు బొమ్మల పుస్తకములు చాలును. ఏ పుస్తకమునైనను కొనుటకు ముందు ఒక పుట పైకి చదివి చూడవలెను. చదువునప్పుడు పెద్దవారి నాలుకకే తట్టు తగిలినచో ఆ పుస్తకము బిడ్డకు పనికిరాదు. అట్ట అందము తరువాతి మాట.

అన్నిటికంటె చౌక కానుక గుప్పెడు వేరుసెనగ విత్తులు. మందు పట్టించిన విత్తనమును బిడ్డ చేతికి ఇవ్వరాదు. ఇంటి కాయ వలిచి ఇవ్వవలెను. అడుగు వెడల్పు కుండలో గుల్లగానున్న ఎఱ్ఱమట్టి పోసి విత్తినచో సుమారు నాలుగు వారములకు పసుపుపచ్చని పూలు పూయును. పూవు నేలపైన, కాయ నేలలోపల! ఇదెట్లు? పూవు వాడిన పిమ్మట అండాశయపు మొదలు సాగి, సన్నని పుల్లవలె క్రిందికి వంగి మట్టిలో దిగును. రైతులు దీనినే ఊడ యందురు. దాని కొనకు మట్టిలోని చీకటి, తేమ తగిలిననే కాయ ఊరును. ఒక ఊడ క్రింద చిన్న రేకుముక్క అడ్డుపెట్టి చూడుడు. ఆ ఊడకు కాయ పట్టదు.

పొలములో ఆ రేకు పని ఎండిన నేల చేయును. ఊడలు దిగు వారములలో వాన ముఖము చాటేసినచో ఎఱ్ఱనేల పైపొర గట్టిపడి ఊడను లోనికి పోనీయదు. ఏడాది మొత్తము సగటుకు సరిపోయినను, ఆ వారములలో నోటుపుస్తకమున వరుసగా సున్నలు కనబడినచో, చెట్టు పచ్చగనే ఉండి కాయ ఏల లేదో పదేండ్ల పిల్ల తానే తాతకు చెప్పగలదు.