మొబైల్ డేటా ధర వాజిబేనా?

మన ప్రాంతమున ఏ బేరము కుదుర్చుకొనునప్పుడైనను "ఈ ధర వాజిబేనా?" అని అడుగుట వాడుక. ఉర్దూ నుండి వచ్చి మన తెలుగున కలిసిపోయిన ఈ మాటకు చౌక అని అర్థము కాదు. అమ్మువానికిని కొనువానికిని తగినది అని అర్థము. మొబైల్ డేటా మన దేశమున మిక్కిలి చౌక అని తరచు వినుచున్నాము. అది చౌకయా, వాజిబా అను రెండు ప్రశ్నలను వేరుచేసి పరిశీలింపవలెనని మా ఉద్దేశ్యము.

చౌక అనుట నిజమే. 1995లో మొబైల్ ఫోను దేశమునకు వచ్చిన క్రొత్తలో నిమిషమునకు 16 రూపాయలకు పైగా పడెడిది. మనకు వచ్చిన పిలుపునకు కూడ మనమే చెల్లింపవలసి యుండెను. టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్ లెక్కల ప్రకారము 2014లో ఒక జీబీ డేటా సగటున 269 రూపాయలు. 2016 సెప్టెంబరులో జియో రంగప్రవేశము చేసి కొన్ని నెలలు ఉచితముగా పంచిపెట్టగా తక్కిన సంస్థలు కూడ ధర దించక తప్పలేదు. 2018 నాటికి ఆ సగటు 12 రూపాయల లోపునకు వచ్చెను. ఆ పోటీకి తాళలేక అనేక సంస్థలు మూతపడినవి, లేదా విలీనమైనవి. మిగిలినవి మూడు ప్రైవేటు సంస్థలు, ప్రభుత్వపు బీఎస్ఎన్ఎల్. పోటీ సన్నగిల్లిన పిదప 2019, 2021, 2024 సంవత్సరములలో ధరలు మరల పెరుగుట యాదృచ్ఛికమని మేము అనుకొనము.

ఇక పరదేశముల సంగతి. కేబుల్ అను బ్రిటిష్ సంస్థ 2022లో 233 దేశముల ధరలను పోల్చినది. ఒక జీబీ ఇజ్రాయెల్‌లో 4 సెంట్లు, ఇటలీలో 12 సెంట్లు, మన దేశమున 17 సెంట్లు, అమెరికాలో 5 డాలర్ల 62 సెంట్లు. సెయింట్ హెలెనా దీవిలో 41 డాలర్లు. అయితే డాలరును రూపాయలలోనికి మార్చి చూచినంత మాత్రమున న్యాయము తేలదు, సంపాదనతో తూచవలెను. అమెరికాలో కేంద్ర ప్రభుత్వపు కనిష్ఠ వేతనము గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. ఆ వేతనముపై ఒక జీబీకి సుమారు 46 నిమిషములు పనిచేయవలెను. 2022-23లో తెలంగాణలో ఉపాధి హామీ దినకూలి 257 రూపాయలు. ఎనిమిది గంటల లెక్కన మన కూలీకి సుమారు 25 నిమిషములు చాలును. శ్రమతో తూచినను మన ధరయే తక్కువ. ఇది ఒప్పుకొనవలసిన మాట.

కాని దుకాణములో ఎవ్వరును మనకు సగటు జీబీని అమ్మరు, ప్లాను అమ్ముదురు. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. 2024 జూలైలో పెరిగిన జియో ధరలను చూడుడు. 299 రూపాయలకు 28 దినములు దినమునకు ఒకటిన్నర జీబీ, అనగా మొత్తము 42 జీబీలు. జీబీకి 7 రూపాయల చిల్లర. 189 రూపాయలకు అన్ని దినములకే 2 జీబీలు మాత్రమే. జీబీకి 94 రూపాయలకు పైగా. పిలుపుల సౌకర్యము రెండింటిలోను కలిసియున్నదనుట నిజమే. అయినను కోరుట్లలోనో, సిరిసిల్లలోనో, నిర్మల్‌లోనో బీడీలు చుట్టి జీవించు తల్లి తక్కువ ప్లాను ఎంచుకొన్నచో, డేటా వరకు, చౌకదనము ఆమె దరికి రానే రాదు. పెద్ద ప్లాను వేయించుకొన్నచో దాదాపు ఒక దినపు కూలి పోవును. 2025-26లో ఉపాధి హామీ కూలి 307 రూపాయలే. 299లో 45 రూపాయలకు పైగా జీఎస్టీ అని కూడ గుర్తుంచుకొనవలెను.

28 దినముల "నెల" మరొక చమత్కారము. ఏడాదికి పన్నెండు నెలలు గాని రీఛార్జులు పదమూడు. 299 ప్లానుపై ఇది ఏటా 299 రూపాయల అదనపు భారము. ప్రతి సంస్థయు కనీసము ఒక 30 దినముల ప్లాను ఉంచవలెనని 2022 జనవరిలోను, డేటా అక్కరలేనివారికి పిలుపులకు మాత్రమే వేరు ప్లాను ఉంచవలెనని 2024 డిసెంబరులోను ట్రాయ్ ఆదేశించినది. ఇవి ఉన్నవని ఎందరికి తెలియును? గల్ఫు దేశములలో బిడ్డలున్న వృద్ధులకు మాత్రము డేటా విలాసము కాదు. బిడ్డ ముఖము కనబడు సాధనము.

ఉమ్మడి ఆదిలాబాదు ఏజెన్సీలో ప్రశ్నయే వేరు. తక్కువ మంది ఉండు కొండ గూడెములలో టవరు ఖర్చు రాబట్టుట కష్టము గనుక ప్రైవేటు సంస్థలు వెనుకాడును. సిగ్నలు లేనిచోట ధర ఎంతైన నేమి? 2020 సెప్టెంబరు 1న రాష్ట్రమున దూరవిద్య ప్రారంభమైనప్పుడు ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళను ఆశ్రయించుట ఇంటర్నెట్ అందరికిని అందలేదనుటకు నిదర్శనము. మారుమూలల సేవకై టెలికాం సంస్థల ఆదాయమునుండి 5 శాతము ఒక నిధికి పోవును. దాని నేటి పేరు డిజిటల్ భారత్ నిధి. అనగా కరీంనగరములో రీఛార్జు చేయించుకొన్నవాడు ఉట్నూరు వంటి ప్రాంతముల టవరుకు కొంత చెల్లించుచునే యున్నాడు. 4జీ లేని 24,680 గ్రామములకై కేంద్ర మంత్రివర్గము 2022 జూలైలో 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. అందులో మన గూడెములకు వచ్చిన వెన్ని, పనిచేయుచున్న వెన్ని అని అడుగుట మన హక్కు.

కనుక జీబీ ధర వాజిబే. ప్లాను కూర్పు వాజిబు కాదని మా తీర్పు. కళాశాల కమిటీ వారికి ఒక మనవి. గ్రంథాలయమున వైఫై ఏర్పరచి, పాఠములను, పాత ప్రశ్నపత్రములను దింపుకొనుటకు సాయంత్రము ఒక గంట అదనముగా తెరచియుంచినచో, దూర గ్రామములనుండి వచ్చు విద్యార్థులకు చిన్న ప్లానుతోనే నెల గడచును.