బిళ్ల ఇచ్చే ముందు

సాయంకాలం ఏడు గంటల వేళ ఏ ఊరి మందుల దుకాణం ముందు చూసినా నలుగురైదుగురు నిలబడి ఉంటారు. ఒకరి చేతిలో వైద్యుడు రాసిన చీటీ ఉంటుంది. మరొకరి చేతిలో ఖాళీ అయిన బిళ్లల అట్ట ఉంటుంది. మూడవ వ్యక్తి చేతిలో ఏమీ ఉండదు. “జ్వరానికి బిళ్ల ఇవ్వండి” అంటాడు. తెలంగాణలో అయితే “జ్వరం గోలి ఇయ్యన్నా” అంటాడు. చీటీ తెచ్చినవారికి ఏ మందు, ఎంత మోతాదు అనే నిర్ణయం వైద్యుడు ముందే చేసి ఉంటాడు. వట్టి చేతులతో వచ్చిన మూడవ వ్యక్తి దగ్గరే ఫార్మసిస్టు విద్యకు అసలైన పరీక్ష ఎదురవుతుంది.

ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివిన విద్యార్థులు డి.ఫార్మసీలో చేరవచ్చు. రెండేళ్ల చదువు తరువాత 500 గంటల ఆచరణాత్మక శిక్షణ పొందాలి. ఔషధాల పేర్లు, వాటి గుణాలు పుస్తకంలో దొరుకుతాయి. ఎదుటి మనిషిని ఏమి అడగాలి, ఎలా అడగాలి అన్నది మాత్రం దుకాణపు బల్ల వెనుక నిలబడి నేర్వవలసిందే. 1940 నాటి ఔషధాల చట్టం కింద వచ్చిన నియమావళి హెచ్, హెచ్1, ఎక్స్ అనే షెడ్యూళ్లలోని మందులను చీటీ లేనిదే అమ్మరాదని నిర్దేశించింది. చీటీ అవసరం లేనివాటికి అది ప్రత్యేకంగా షెడ్యూలు ఏర్పరచలేదు. ఆ మిగిలిన మందుల విషయంలో కొనుగోలుదారుకు రక్షణ ఫార్మసిస్టు వివేకమే.

శిక్షణలో మొదట అలవడవలసిన ప్రశ్న “ఎవరికి?” అన్నది. మందు కొనడానికి వచ్చినవారే రోగి అనుకోవడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. ఒక పెద్దావిడ వచ్చి జ్వరం మందు అడిగిందనుకుందాం.

“ఎవరికమ్మా?”

“మా మనవడికి బాబూ.”

“వయసెంత? బరువు ఎంత ఉంటాడు?”

“ఏడాది నిండింది. మొన్న టీకాకు తీసుకెళ్తే పది కిలోలన్నారు.”

ఈ రెండు జవాబులతో ఇవ్వవలసిన మందే మారిపోయింది. పిల్లలకు పారాసెటమాల్‌ను బరువును బట్టి లెక్కిస్తారు. ఒక్కో కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాములు. అంటే ఈ పిల్లవాడికి ఒక్కసారికి 100 నుండి 150 మిల్లీగ్రాములు. అంతటితో లెక్క ముగియదు. 5 మిల్లీలీటర్ల సిరప్‌లో 125 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది ఇంకొకటి. చుక్కల మందు వీటికంటె చిక్కనిది. చాలా రకాలలో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌కు అలవాటుపడిన ఇంట్లో చుక్కల మందును కూడా 5 మిల్లీలీటర్లు పోస్తే, ఏడాది పిల్లవాడు పెద్దలు మింగే 500 మిల్లీగ్రాముల బిళ్లంత మందు తాగినట్లవుతుంది. అందుచేత ‘ఒక చెంచా పట్టండి’ అని చెప్పి పంపడం సలహా కాదు. సీసాతో వచ్చిన కొలగిన్నె మీద, లేదా చుక్కల గొట్టం మీద, ఏ గీత వరకు పోయాలో వేలితో చూపించాలి.

“ఇంకేమైనా మందులు వాడుతున్నారా?” అన్న ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు “ఏమీ లేదు” అనే. అది అబద్ధం కాదు. రక్తపోటుకు, మధుమేహానికి ఏళ్ల తరబడి వేసుకునే బిళ్లలు చాలామంది దృష్టిలో మందులే కావు. అవి కాఫీలాగా దినచర్యలో భాగం. కాబట్టి “బి.పి.కి, షుగరుకు, కీళ్ల నొప్పులకు రోజూ వేసుకునేవి ఏమైనా ఉన్నాయా?” అని విడివిడిగా అడగాలి. ముక్కుదిబ్బడను తగ్గించే కొన్ని మందులు రక్తపోటును పెంచుతాయి. జలుబు బిళ్లల్లోని కొన్ని మందులు నిద్రమత్తు కలిగిస్తాయి. రాత్రి లారీ నడపవలసిన డ్రైవరుకు ఈ ఒక్కమాట చెప్పకపోవడం చిన్న లోపం కాదు.

అన్నిటికంటె తరచుగా కనిపించేది ఒకే మందు రెండు పేర్లతో కడుపులోకి చేరడం. జ్వరానికి 650 మిల్లీగ్రాముల పారాసెటమాల్ బిళ్లలు రోజుకు నాలుగు వేసుకుంటే 2,600 అవుతుంది. జలుబు బిళ్లల్లోనూ పారాసెటమాల్ 500 చొప్పున ఉంటే, నాలుగింటికి మరో 2,000. మొత్తం 4,600. ఆరోగ్యవంతులైన పెద్దలకు 24 గంటలలో 4,000 మించరాదు. కాలేయ వ్యాధి ఉన్నవారికి, మద్యపానం అలవాటైన వారికి పరిమితి ఇంకా తక్కువ. మోతాదు బాగా మించినప్పుడు దెబ్బతినేది కాలేయం. మొదటి రోజు పెద్దగా బాధ తెలియకపోవడమే ఇందులోని ప్రమాదం.

“ఎన్నాళ్ల నుండి?” అనే ప్రశ్న మందు ఇవ్వడానికి కాక, కొన్నిసార్లు ఇవ్వకుండా ఉండడానికి ఉపయోగపడుతుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు సిరప్ సీసా జవాబు కాదు; క్షయ పరీక్షకు పంపాలి. మూడు నెలలలోపు పసికందుకు జ్వరం వస్తే ఆ రోజే వైద్యుని దగ్గరకు వెళ్లమనాలి. గ్యాస్ మందు కావాలని వచ్చిన మనిషికి చెమటలు పడుతూ, ఛాతీలో బరువుగా ఉండి ఎడమ చేయి లాగుతుంటే, అది గుండెపోటు కావచ్చు. అక్కడ ఆలస్యం ప్రాణాంతకం. వానాకాలపు జ్వరాలలో డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ వాడరాదు. అవి రక్తస్రావాన్ని పెంచవచ్చు. ఇంట్లో పాత అట్టలేమైనా మిగిలి ఉన్నాయా అని కూడా అడగడం మంచిది.

విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. ఇచ్చేటప్పుడు మాటలతో ఎక్కువ పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం 20.5 గ్రాముల పొట్లం మొత్తాన్ని లీటరు నీటిలో కలపాలి. చాలా ఇళ్లలో గ్లాసుకు ఒక చెంచా వేసి, మిగిలినది మడిచి దాస్తారు. అప్పుడు లవణాల పాళ్లు తప్పుతాయి. చక్కెర ఎక్కువగా ఉన్న పానీయాలు విరేచనాలను మరింత పెంచుతాయి. అటువంటివి ఓ.ఆర్.ఎస్. పేరుతో అమ్ముడుపోవడంపై హైదరాబాదుకు చెందిన శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ అటువంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడరాదని ఆదేశించింది.

ఇన్ని ప్రశ్నలు అడిగితే కొనేవారు విసుక్కోరా? విసుక్కుంటారు. “పక్క దుకాణంలో అడక్కుండానే ఇస్తారు” అని వెళ్లిపోయేవారూ ఉంటారు. “రెండు యాంటీబయాటిక్ బిళ్లలు ఇవ్వు, చాలు” అనే పరిచయస్థునికి కాదని చెప్పడం మరీ కష్టం. వెనుక వరుస పెరుగుతుంటే యజమాని ముఖమూ మారుతుంది. అందుకే అనుభవజ్ఞులు ప్రశ్నలను ఏకరువు పెట్టరు. మందు తీస్తూ ఒకటి, అట్ట కత్తిరిస్తూ ఒకటి, చిల్లర ఇస్తూ మరొకటి అడుగుతారు.

చివరగా వారు మరో పని చేస్తారు. సీసా చేతికిచ్చి, “ఇంటికెళ్లాక బాబుకు ఎలా పడతారో ఒకసారి చెప్పండమ్మా” అంటారు. పెద్దావిడ కొలగిన్నెను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటుంది. “ఈ గీత దాకా. ఆరు గంటలకొకసారి. జ్వరం లేకపోతే వద్దు” అంటుంది. తప్పు చెబితే శిక్షణలో ఉన్న విద్యార్థి సీసా మళ్లీ చేతిలోకి తీసుకుని మొదటి నుండి చెబుతాడు.