ఫార్మకాలజీ అంటే మందుల షాపు కాదు!

ఆక్లండ్‌లో బయోమెడ్ మొదటి ఏడాది అయ్యాక మెడిసిన్ సీటు రాలేదు. "ఫార్మకాలజీ చదువుతాను నాన్నా" అంది మా అమ్మాయి. "అయితే మందుల షాపు పెడతావా?" అన్నాను. అది ఫార్మసీ అట! మందు ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుందో కనిపెట్టేది ఫార్మకాలజీ. నాకు అర్థం కావడానికి తను చెప్పిన ఉదాహరణ ప్రొఫెసర్ మిషెల్ గ్లాస్.

మెదడు కణాల మీద రిసెప్టర్లనే ప్రొటీన్లుంటాయి. తగిన రసాయనం వచ్చి అంటుకుంటే కణానికి కబురు అందుతుంది. గంజాయిలోని టి.హెచ్.సి. అంటుకునే రిసెప్టర్ పేరు సి.బి.1. గంజాయి కోసం మెదడులో ఏర్పాటెందుకు? దానికి అంటుకునే రసాయనాన్ని మెదడే తయారుచేసుకుంటుందని 1992లో తేలింది. జెరూసలేం శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు 'ఆనందమైడ్'. అవును, మన ఆనందమే!

ఆ రోజుల్లోనే గ్లాస్ ఆక్లండ్‌లో రిచర్డ్ ఫాల్, మైక్ డ్రాగునౌలతో కలిసి పరిశోధన చేశారు. చనిపోయినవారి మెదళ్ళను పలచటి ముక్కలుగా కోసి, రేడియోధార్మిక రసాయనం పట్టించి, ఫిల్మ్ మీద రిసెప్టర్ల ఫొటో తీయడం. హంటింగ్టన్స్ రోగుల మెదడులో ఒకచోట సి.బి.1 దాదాపు మాయమైందని 1993లో చూపారు. గర్భస్థ శిశువు నుంచి పెద్దవాళ్ళ దాకా మెదడులో అవి ఎక్కడెక్కడ ఉన్నాయో 1997లో పటం గీశారు. తర్వాత అమెరికా, మళ్ళీ ఆక్లండ్, ఆపైన డునెడిన్‌లోని ఒటాగో యూనివర్సిటీ.

ఊపిరిని నడిపే మెదడు కాండంలో సి.బి.1 చాలా తక్కువ. గంజాయి మోతాదు మించినా ఊపిరి ఆగిపోవడం అరుదు కావడానికి ఇదో కారణమంటారు. (గంజాయి మంచిదని కాదు సుమా!) అలాంటిది 2017లో ఆక్లండ్‌లో 'సింథటిక్స్' పీల్చినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. ఎండుటాకుల మీద చల్లి అమ్మిన ఆ రసాయనాల్లో ముఖ్యమైనది ఎ.ఎం.బి.-ఫుబినాకా. ఇలాంటివి ఎందుకంత ప్రమాదమో గ్లాస్ బృందం పరిశీలిస్తూ వచ్చింది. ఫ్యాన్ రెగ్యులేటరు అనుకోండి. టి.హెచ్.సి. ఎంత పోసినా రెండు దాటదు; ఇవి నేరుగా అయిదుకి తిప్పేస్తాయి. పైగా ఆ రిసెప్టర్లు మెదడులోనే కాదు, గుండెలోనూ ఉన్నాయి.

ఆక్లండ్ వార్తల్లో ఆ కుర్రాళ్ళ వయసులు చూసి భయపడ్డ తండ్రిని నేను. ఎందుకు చనిపోయారో చెప్పగలిగే చదువు ఇదేనని అప్పుడు తట్టలేదు.

అమ్మాయి ఇప్పుడు ఆనర్స్ చేస్తోంది. విజయవాడ నుంచి మా అత్తగారు మాత్రం ప్రతి ఆదివారం అడుగుతూనే ఉన్నారు: "ఇంతకీ డాక్టరు ఎప్పుడవుతుంది బాబూ?"