శివార్లలో ఫ్లాట్ చూస్తున్నారా? రేటు ఒక్కటే చూస్తే బుక్కైపోతారు.. హైదరాబాద్‌లో ఏ వైపు ఎలా ఉందంటే

ఔటర్‌కు 10 నిమిషాలు, ఐటీ కారిడార్‌కు అరగంట.. హైదరాబాద్ చుట్టుపక్కల ఏ వెంచర్ బ్రోచర్ తీసినా దాదాపు ఇదే లైన్ కనిపిస్తుంది. ఆదివారం పొద్దున 6 గంటలకు కారేసుకుని వెళ్తే అది నిజమే కావచ్చు. మరి సోమవారం 9 గంటలకు? 20 ఏళ్ల హోమ్ లోన్ మీద సంతకం పెట్టేముందు తేల్చుకోవాల్సింది ఇదే.

మన దగ్గర చాలామంది ఏరియాను ఎంచుకునే లెక్క వేరే ఉంటుంది. ఊరికి వెళ్లే రోడ్డు ఎటుంటే అటే ఇల్లు. నల్గొండ, ఖమ్మం, విజయవాడ వైపు వాళ్లకు ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్. వరంగల్ వాళ్లకు ఉప్పల్, బోడుప్పల్, ఘట్‌కేసర్. నిజామాబాద్, కామారెడ్డి వాళ్లకు కొంపల్లి, మేడ్చల్. చుట్టాలంతా ఒకే వైపు ఉంటారు, పండక్కి బస్సెక్కడం ఈజీ. కానీ పండగ ఏడాదికి రెండు మూడుసార్లే వస్తుంది, ఆఫీసు మాత్రం రోజూ ఉంటుంది. ఆ ఆఫీసులేమో ఎక్కువగా పడమర వైపే.. మాదాపూర్, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే ఉన్నాయి.

అందుకే నార్సింగి, నల్లగండ్ల, తెల్లాపూర్ లాంటి చోట్ల రేట్లు అలా ఉన్నాయి. అదే సైజు ఫ్లాట్ తూర్పున చాలా తక్కువకు వస్తుంది. ఉదాహరణకు తేడా 20 లక్షలు అనుకుందాం. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఆ 20 లక్షల మీద పడే ఈఎంఐ నెలకు దాదాపు 17,350 రూపాయలు. తూర్పు నుంచి ఆఫీసుకు వెళ్లడానికి గంట, రావడానికి గంట అదనంగా పడితే, 22 పనిరోజులకు 44 గంటలు. అంటే రోడ్డు మీద గడిపే ఒక్కో గంటకు మీకు దాదాపు 400 రూపాయలు మిగులుతున్నట్టు. ఇది లాభమా నష్టమా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. వారానికి రెండు రోజులే ఆఫీసుకు వెళ్లేవాళ్లకైతే తూర్పే బెటర్. చిన్న పిల్లలుండి, భార్యాభర్తలిద్దరూ రోజూ పడమర వైపు వెళ్లాల్సి వస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది.

తూర్పులో అన్నీ ఒకేలా ఉండవు. నాగోల్, ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే మారకుండా నేరుగా రాయదుర్గం దాకా వెళ్లొచ్చు. ఎల్బీనగర్‌లో ఎక్కితే అమీర్‌పేటలో మారాలి. మెట్రో స్టేషన్ దాటాక కష్టాలు మొదలవుతాయి. 2018లో మొదలైన ఉప్పల్ - నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్లకేళ్లు సాగి, ఆ రోడ్డున తిరిగేవాళ్లకు చుక్కలు చూపించాయి. హయత్‌నగర్, పటాన్‌చెరు, మేడ్చల్ దాకా మెట్రో అని ఎవరైనా చెప్తే, అవి రెండో దశ ప్రతిపాదనలని గుర్తుపెట్టుకోండి. ప్రతిపాదనకు టికెట్ ఇవ్వరు కదా.

ఇంకో పాయింట్ చాలామందికి కొన్నాకే తెలుస్తోంది. 158 కిలోమీటర్ల ఔటర్ మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు. కారుంటే టోల్ కట్టుకుని దూసుకెళ్లొచ్చు. బైక్ మీద ఆఫీసుకు వెళ్లేవాళ్లకు ఔటర్ పక్కనే ఇల్లున్నా దిక్కు సర్వీస్ రోడ్డే.

ఉత్తరాన కొంపల్లి కాస్త ప్రశాంతంగా ఉంటుంది, స్కూళ్లకు లోటు లేదు. సికింద్రాబాద్‌లో పని ఉన్నవాళ్లకు ఇది మంచి ఆప్షన్. సుచిత్ర, ప్యారడైజ్ మధ్య ట్రాఫిక్‌కు మాత్రం ఓపిక కావాలి. మేడ్చల్‌కు 2023 నుంచి ఎంఎంటీఎస్ వచ్చింది కానీ, టైమింగ్స్ మీ షిఫ్టుకు కుదురుతాయో లేదో ముందే చూసుకోవాలి. దక్షిణాన శంషాబాద్, ఆదిభట్ల ఇప్పటికీ ఇన్వెస్ట్‌మెంట్ కోసం కొనేవాళ్ల ఏరియాలే ఎక్కువ. ఎయిర్‌పోర్టులోనో ఆదిభట్ల కంపెనీల్లోనో ఉద్యోగం ఉంటే తప్ప వెంటనే కాపురం పెట్టడం కష్టమే.

ఇక నీళ్లు. ఎండాకాలంలో ఒక కథ, వానాకాలంలో ఇంకో కథ. పడమర వైపు అపార్ట్‌మెంట్లు లేచిన స్పీడులో పైప్‌లైన్లు రాలేదు. ఏప్రిల్ వచ్చేసరికి బోర్లు ఎండిపోయి, గేట్ల ముందు ట్యాంకర్లు క్యూ కడతాయి. ఆ ఖర్చంతా మెయింటెనెన్స్‌లో కలిపేస్తారు. కాబట్టి ఫ్లాట్ చూసేటప్పుడు సేల్స్ వాళ్లను కాదు, వాచ్‌మెన్‌ను అడగండి.. మేలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయని.

తూర్పున భయం వానది. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులోనే 30 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. మీర్‌పేట, సరూర్‌నగర్, హయత్‌నగర్ వైపు చాలా కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. చెరువు నుంచి చెరువుకు నీళ్లు పోయే దారిలో కాలనీలు కడితే జరిగేది అదే.

గాలి సంగతి బ్రోచర్‌లో అస్సలు ఉండదు. పటాన్‌చెరు - బొల్లారం పారిశ్రామిక ప్రాంతాన్ని 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పెట్టింది. దమ్మాయిగూడ, నాగారం వైపు జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన ఉంటుంది. పగలు చూసి వచ్చేస్తే ఇది తెలీదు. రాత్రి 11 తర్వాత ఒకసారి వెళ్లి పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది.

కాగితాల విషయానికొస్తే.. 2024లో హైడ్రా వచ్చాక చెరువుల ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు అందరికీ తెలిశాయి. పర్మిషన్ ఉంది, బ్యాంకు లోన్ ఇచ్చింది అన్నంత మాత్రాన ధీమాగా ఉండటానికి లేదు. ఫ్లాట్ సర్వే నంబర్‌ను హెచ్ఎండీఏ వెబ్‌సైట్‌లోని చెరువుల మ్యాపులతో పోల్చి చూసుకోవాలి. ఎనిమిదికి మించి ఫ్లాట్లతో, 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో కట్టే ప్రాజెక్టుకు రెరా నంబర్ తప్పనిసరి. నంబర్ రాకముందే ప్రీ లాంచ్ పేరుతో సగం రేటుకే ఇస్తామంటే, అడ్వాన్స్ ఇవ్వకుండా లేచి వచ్చేయండి.

ఇన్ని చూసినా డౌట్‌గా ఉంటే, అదే కాలనీలో ఏడాది అద్దెకు ఉండి చూడొచ్చు. జూన్‌లో దిగితే వానాకాలం, స్కూల్ బస్సులు, సంక్రాంతి ప్రయాణం, ఏప్రిల్ ట్యాంకర్లు.. అన్నీ అగ్రిమెంట్ ముగిసేలోపే కనిపిస్తాయి.