మేడలూ, గాలులూ

"గాలిమేడలు కట్టడం" అని తెలుగులో ఒక జాతీయం వుంది. ఇరవై యేళ్లుగా కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతూ ఆ మాటకు అర్థం ఎన్నిసార్లు వివరించి వుంటానో లెక్కలేదు. కాని, నిజంగానే లేని మేడను కట్టి, లేని గాలిని దానిమీదికి వదిలి, ఉన్న మేడ బలాబలాలు తేల్చే విద్య ఒకటి వుందని మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అక్కయ్యగారింట చూసేదాకా నాకు తెలియదు సుమండీ.

అక్కయ్యగారిది విశాఖపట్నం. రెండంతస్తుల మేడ. 2014 వేసవిలో బావగారు డాబామీద రేకుల షెడ్డు వేయించారు. ఒకవైపు మెట్లగది గోడ, మిగతా మూడు వైపులా బయలు. ఇనప స్తంభాలు, పైన రేకులు. సాయంత్రంవేళ కుర్చీ వేసుకుంటే నీడ చాలదని ఒక పక్క రేకుల్ని మూడడుగులు బయటికి సాగదీయించారు కూడా. ఆ యేడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన ఆ గాలికి విమానాశ్రయం కప్పే చెదిరిపోయింది. ఇక మన రేకులెంత? షెడ్డు షెడ్డంతా లేచివెళ్లి వెనకవీధిలో కొబ్బరిచెట్టును చుట్టుకుంది. దైవవశాత్తూ ఎవరికీ దెబ్బ తగల్లేదు.

బావగారి కోపమంతా షెడ్డు వేసిన వెల్డింగు మేస్త్రిమీదికి మళ్లింది. అతనికి అప్పటికింకా ఆరువేలు ఇవ్వవలసి వుంది. "బోల్టు బిగించడం చేతకానివాడికి డబ్బుకూడానా?" అన్నారు. ఆ మేస్త్రి రెండుసార్లు వచ్చి, గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. మూడోసారి రాలేదు. అక్కయ్య మనసులో మాత్రం ఆ సంగతి ముల్లులా వుండిపోయింది.

ఇన్నేళ్లకు బావగారికి మళ్లీ షెడ్డుమీద మనసుపోయింది. ఈసారి మందపాటి రేకులు, పెద్ద బోల్టులు, వేరే మేస్త్రి. మా మేనల్లుడు కట్టడాల ఇంజనీరింగులో ఎం.టెక్. చదువుతున్నాడు. వాడు అడ్డుపడ్డాడు. "నాన్నగారూ, పాత షెడ్డు ఎందుకు లేచిపోయిందో తేలకుండా కొత్తది వేయిస్తే ఎలాగండీ?" అన్నాడు. బావగారు నవ్వి, "తుపానును మళ్లీ పిలుస్తావుట్రా?" అన్నారు. "పిలుస్తాను, కంప్యూటర్లోకి" అన్నాడు వాడు.

మేనల్లుడు టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచాడు. పక్కనున్న అయిదంతస్తుల అపార్టుమెంటు కొలతలుకూడా తీసుకున్నాడు. కంప్యూటర్లో ఆ రెండు మేడల్నీ గీసి, వాటి చుట్టూవున్న గాలినంతా చిన్నచిన్న గళ్లుగా విడగొట్టాడు. ఇరవై లక్షల గళ్లట! దూరాన పెద్దవి; షెడ్డు అంచుల దగ్గర చదరంగం గడికంటే చిన్నవి. ప్రతి గడిలోనూ గాలి ఎటు, ఎంత వేగంతో పోతోంది, ఎంత ఒత్తిడి చేస్తోంది అన్నది లెక్కకట్టాలి. ఒక గడినుంచి బయటికిపోయిన గాలి పక్కగడిలోకి చేరి తీరాలి. మధ్యలో మాయం కాకూడదు. ఆవర్జాలో జమా ఖర్చులు సరిపోవలసినట్టే ఇక్కడ గాలిపద్దు సరిపోవాలి. సరిపోకపోతే కంప్యూటరు మళ్లీ మొదటికి వచ్చి లెక్క దిద్దుకుంటుంది. వేలసార్లు అలా దిద్దగా దిద్దగా అంకెలు ఒక నిలకడకు వస్తాయి.

ఈ లెక్కకు మూలమైన సూత్రాలు కొత్తవేమీ కావు. 1822లో ఫ్రాన్సులో నావియే, 1845లో ఇంగ్లండులో స్టోక్సు వాటిని రాశారు. అయితే వాటిని పూర్తిగా విప్పడం నేటికీ ఎవరి తరమూ కాలేదు. వాటి గుట్టు విప్పినవారికి పదిలక్షల డాలర్లు ఇస్తామని అమెరికాలోని క్లే గణితసంస్థ 2000లో ప్రకటించింది. ఆ బహుమానం ఇంకా అలాగే వుంది. విప్పలేని లెక్కను గళ్లుగా కోసి, దగ్గరదగ్గర జవాబు రాబట్టవచ్చునని చూపినవారిలో రిచర్డ్‌సన్ అనే ఆంగ్లేయుడు ముఖ్యుడు. వాతావరణం ఎలా మారుతుందో చేత్తో లెక్కకట్టి చూస్తే ఆయనకు వచ్చిన జవాబు ఘోరంగా తప్పింది. అయినా ఆయన తన తప్పును దాచుకోక, 1922లో పుస్తకంగా అచ్చువేసి, అరవైనాలుగు వేలమంది గణకులు ఒక పెద్ద హాలులో కూర్చుని ఏకకాలంలో లెక్కలు వేస్తున్నట్టు ఊహించాడు. ఆ హాలు ఇప్పుడు మా మేనల్లుడి ఒళ్లో పట్టింది!

రాత్రి పెట్టిన లెక్క తెల్లవారి కాఫీలవేళకు తేలింది. పదకొండు గంటలు పట్టింది. తెరమీద మా అక్కయ్యగారి మేడ, దాని చుట్టూ వేలకొద్దీ బాణపు గుర్తులు. గాలి నెట్టేచోట ఎరుపు, గుంజేచోట నీలం. గాలి నెట్టుతుందని మనందరికీ తెలుసు. గుంజుతుందని నాకు ఆనాడే తెలిసింది. కప్పు అంచుకు తగిలిన గాలి దాన్ని ఒరుసుకుని పోలేక పైకెగిరి సుడి తిరుగుతుంది. ఆ సుడికింద ఒత్తిడి తగ్గి, రేకును పైకి లాగుతుంది. ఇది పైన జరిగే సంగతి. కింద మూడువైపులనుంచీ దూరిన గాలి మెట్లగది గోడకు కొట్టుకుని, దారిలేక రేకును పైకి తోస్తుంది. పైన లాగేది, కింద తోసేది. అన్నిటికంటె ముదురునీలం ఎక్కడ కనిపించిందనుకున్నారు? బావగారు నీడకోసం సాగదీయించిన మూడడుగుల అంచుమీద! పక్క అపార్టుమెంటు గోడకు కొట్టుకున్న గాలి కిందికి జారి, మూల తిరిగి, మరింత జోరుతో సరిగ్గా అక్కడికే వస్తోంది.

"విశాఖకూ, విజయవాడకూ సెకనుకు 50 మీటర్ల గాలినీ, హైదరాబాదుకు 44 మీటర్ల గాలినీ లెక్కలోకి తీసుకోవాలని మన దేశపు ప్రమాణం, మావయ్యా" అన్నాడు మేనల్లుడు. 50 మీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బలం చూపుతుంది. వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లవుతుంది. ఇరవై అడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు వున్న ఆ షెడ్డును అంత గాలి ఎత్తిందంటే, మూడు టన్నులకు పైమాటే. షెడ్డు బరువు నాలుగు క్వింటాళ్లు వుంటే గొప్ప!

పొరుగు కట్టడం గాలిని మనమీదికి మళ్లించడం మా అక్కయ్యగారింటికే వచ్చిన ముప్పు కాదు. ఇంగ్లండులో ఫెర్రీబ్రిడ్జి అనేచోట విద్యుత్కేంద్రానికి ఎనిమిది శీతల గోపురాలు కట్టారు. ఒక్కొక్కటి 375 అడుగుల ఎత్తు. 1965 నవంబరు 1న వీచిన పెనుగాలికి మూడు గోపురాలు కూలిపోయాయి. గాలికి ఎదురుగావున్న ముందువరుస నిలిచింది. పడినవి వెనకవరుసవి! ముందు గోపురాల సందుల్లోంచి దూసుకువచ్చిన సుడులు వాటిని కూల్చాయి. కట్టేముందు గోపురాన్ని ఒంటరిగా వున్నట్టు భావించి పరీక్షించారే గాని, ఎనిమిదింటినీ కలిపి చూడలేదు. ఉమ్మడికుటుంబంలో మనిషిని ఒక్కణ్ణే చూసి అంచనా కట్టినట్టయింది.

ఆ తరవాత గాలిసంగతి తేల్చుకోకుండా పెద్ద మేడ కట్టడం మానేశారు. 828 మీటర్ల ఎత్తున్న దుబాయి బుర్జ్ ఖలీఫాను మెట్లుమెట్లుగా, మెలితిరిగే వరుసలో సన్నబడేటట్టు కట్టింది అందుకే. ప్రతి ఎత్తులోనూ ఆకారం మారుతుంటే సుడులన్నీ ఒక్క తాళానికి కలిసి మేడను ఊపలేవు.

"అయితే కంప్యూటరు చెప్పిందల్లా వేదమేనా?" అని అడిగాను. "కాదు మావయ్యా. సుడిలోపల సుడి, దానిలోపల మరో సుడి. అన్నిటినీ పట్టే గళ్లు ఏ కంప్యూటర్లోనూ పట్టవు. చిన్న సుడులను అంచనామీద సరిపెడతాం. అంచనా తప్పితే, తప్పుడు బొమ్మకూడా ఇంత అందంగానే వస్తుంది. అందుకే పెద్ద కట్టడాలకు చిన్న నమూనా చేసి, గాలిసొరంగంలో పెట్టి సరిచూస్తారు. చెన్నైలోని స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ రీసెర్చి సెంటరులో అలాంటి సొరంగం వుంది" అన్నాడు. ఆ వినయం నాకు నచ్చింది.

బావగారు మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. "ఎంత గాలయినా బోల్టు గట్టిగా వుంటే రేకు ఎందుకు వూడుతుందయ్యా?" అన్నారు. మేనల్లుడు మారుమాటాడక, తుపాను మర్నాడు తీసిన ఫొటో ఒకటి వెతికి తెచ్చాడు. కొబ్బరిచెట్టును చుట్టుకున్న షెడ్డు. రేకులన్నీ చట్రానికి అంటుకునే వున్నాయి. ఒక్క బోల్టు వూడలేదు. స్తంభాలు మాత్రం పిట్టగోడ ఇటుకలతో సహా పెకలించుకు వచ్చాయి.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అక్కయ్య మెల్లగా అంది: "స్తంభాలు పిట్టగోడలో ఆగవండీ, స్లాబు కొట్టి కింద కమ్ములకు కలపాలండీ అని అతను ఆనాడే చెప్పాడు. స్లాబు కొడితే వాన కారుతుందని మీరే వద్దన్నారు."

బావగారు లేచి, చొక్కా తొడుక్కుని, స్కూటరు తాళాలు తీసుకుని వెళ్లారు. మధ్యాహ్నం భోజనాలవేళకు తిరిగివచ్చారు. వెనకాల మేస్త్రి. తల నెరిసింది. బాకీ ఆరువేలూ, పైన మరో నాలుగువేలూ ఇచ్చారుట. అతను బాకీ మాత్రం పుచ్చుకుని, మిగతాది తిరిగి ఇచ్చేశాడుట.

మేనల్లుడు అతనికి కూడా ఆ బొమ్మ చూపించాడు. మేస్త్రి గొంతుక్కూర్చుని, ఎర్రరంగూ నీలంరంగూ ఏమిటని అడగకుండానే, ముదురునీలంగా వున్న ఆ మూడడుగుల అంచుమీద వేలుపెట్టాడు.

"ఇక్కడే కదండీ, మొదట లేచింది?" అన్నాడు.