రుచిని కొలుచుట ఎట్లు? – బీరు పరీక్షల నుండి జొన్న అంబలి వరకు

ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో జొన్నరొట్టె తిని పెరిగిన పెద్దలను ఏ జొన్న మంచిదని అడిగినచో జవాబుకు వారు తడుముకొనరు. పాత జొన్నల రొట్టె రుచి వేరు, కొత్త రకముల రొట్టె రుచి వేరు అందురు. దిగుబడి లెక్క చూచువాడు ఈ మాట విని నవ్వవచ్చును. మన దేశమున తొలి సంకర జొన్న సి.ఎస్.హెచ్.1 1964లో విడుదలైనది. దాని తరువాత ఎక్కువ పండు రకములు ఎన్నో వచ్చినవి. అయినను రొట్టెకు మాత్రము మహారాష్ట్రలోని మోహోలులో ఎంపిక చేసిన ఎం.35-1 వంటి పాత రబీ రకములనే జనులు మెచ్చుచు వచ్చిరి. ఇది అలవాటు వలని అభిమానమా? లేక నిజముగా నాలుకకు తెలియు భేదమా? ఎవరును ఇష్టపడి తినని ధాన్యము ఎంత పండినను రైతుకు లాభము లేదు గనుక ఇది తేలికగా తోసివేయదగిన ప్రశ్న కాదు.

దీనిని తేల్చుటకు ఒక పద్ధతి కలదు. విచిత్రమేమనగా అది వంటయింటిలో గాక బీరు కర్మాగారములలో రూపొందినది. కనుక ముందు బీరు సంగతి చూతము. ఉపాధ్యాయులు కంగారు పడనక్కరలేదు. చివర మనము చేయబోవు ప్రయోగమునకు అంబలియే చాలును.

బీరుకు కావలసినవి నాలుగే: నీరు, మొలకెత్తించిన బార్లీ, హాప్స్ అను తీగెపూలు, ఈస్టు. బార్లీ గింజలను నానబెట్టి నాలుగైదు దినములు మొలకెత్తించిన యెడల గింజలో ఎంజైములు పుట్టును. ఆ మొలకలను ఆరబెట్టి వేడిచేసిన ధాన్యమునకే మాల్టు అని పేరు. మాల్టును నలుగగొట్టి సుమారు 65 డిగ్రీల సెంటిగ్రేడు వేడినీటిలో ఉంచినచో ఎంజైములు పిండిపదార్థమును చక్కెరగా మార్చును. ఆ తీపినీటిని హాప్స్‌తో కాచి, చల్లార్చి, ఈస్టు కలిపినచో చక్కెర ఆల్కహాలుగాను, కార్బన్ డయాక్సైడు వాయువుగాను మారును. పద్ధతి ఇంతే. అయినను ఒక బ్రూవరీ బీరు వలె ఇంకొక బ్రూవరీ బీరు ఉండదు. బెంగుళూరులో 2010 ప్రాంతమునుండి, 2015 నాటి నియమావళి తరువాత హైదరాబాదులోను వెలసిన చిన్న బ్రూవరీలు ఈ భేదములనే తమ ప్రత్యేకతగా చెప్పుకొనుచున్నవి.

ఈ భేదము లెక్కడివి? మాల్టును ఎంత మాడ్చినచో రంగు అంత నలుపెక్కి కాఫీగింజల వాసన వచ్చును. రొట్టె పెనముపై ఎఱ్ఱబడునపుడు జరుగు రసాయన చర్యయే ఇచ్చటను జరుగును. నీటి సంగతియు అల్పము కాదు. ఇంగ్లండులోని బర్టన్ పట్టణపు నీటిలో జిప్సము హెచ్చు, చెక్ దేశపు పిల్సెన్ నీరు మిక్కిలి మృదువు. రెండు ఊళ్లును రెండు వేర్వేరు తరహాల బీర్లకు పేరు పొందినవి. ఇక ఈస్టు వట్టి ఆల్కహాలునే గాక వాసనగల పదార్థములను గూడ తయారుచేయును. కొన్ని గోధుమ బీర్లలో అరటిపండు వాసన వచ్చును. దానికి కారణము ఐసోఎమైల్ ఎసిటేటు అను ఎస్టరు, పండిన అరటిపండులో ఉండునదియు అదియే. లవంగపు వాసనకు కారణము వేరొక ఫీనాలు.

దోషములకును ఇట్లే కారణములు కలవు. ఈస్టు తన పని మధ్యలో డైఎసిటైల్ అను పదార్థము తయారగుటకు కారణమై, చివరి దినములలో దానిని తానే తిరిగి పీల్చుకొనును. తొందరపడి బీరును ముందే వేరుచేసినచో ఆ డైఎసిటైల్ నిలిచిపోయి వెన్న వాసన కొట్టును. వెన్నలో మనము మెచ్చుకొను వాసనయే బీరులో తప్పగుట గమనింపదగినది. బీరును ఎండలో ఉంచినచో హాప్స్ చేదు పదార్థములు వెలుతురుకు విచ్ఛిన్నమై గంధకముగల ఒక థయోలు పుట్టును. లీటరులో కొన్ని నానోగ్రాములున్నను, అనగా గ్రాములో వందకోట్లవ వంతులు కొన్ని మాత్రమే ఉన్నను, ముక్కు దానిని పసిగట్టును. బీరును గోధుమరంగు సీసాలలో పోయుట అందుచేతనే. ఇంత సున్నితమైన తూనిక మన ప్రయోగశాలలలో ఎన్ని కలవు?

ఇచట ఒక ముఖ్యవిషయము. మనము "రుచి" అనునది చాలవరకు వాసనయే. నాలుకకు తెలియునవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి అను మాంసరస రుచి. అరటి, లవంగము, వెన్న మొదలగునవి నోటి వెనుకనుండి ముక్కులోనికి పోవు ఆవిరివలన తెలియును. జలుబు చేసినపుడు కూర చప్పగా ఉండుట అందరికిని అనుభవమే. అట్లే నాలుక కొన తీపికి, వెనుకభాగము చేదుకు అని పటము గీసి చూపు పాఠ్యపుస్తకములు ఇంకను కనబడుచున్నవి. ఆ పటము తప్పు. 1901లో హేనిగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన స్వల్పభేదములను తరువాతివారు పెంచి చెప్పుటవలన అది వ్యాపించినది. నాలుకపై రుచిమొగ్గలున్న చోటులన్నిటను అన్ని రుచులును తెలియును. పంచదార నీటిలో ముంచిన దూదిని నాలుక ప్రక్కన అద్ది చూచినచో తరగతిలోనే ఈ సంగతి ఋజువగును.

సున్నితమైన ముక్కు ఉన్నంత మాత్రమున మంచి సాక్షి కాడు. 2006లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో బీరులో కొన్ని చుక్కల బాల్సమిక్ వెనిగరు కలిపి ఇచ్చిరి. ఏమియు చెప్పకుండ ఇచ్చినపుడు చాలమంది దానిని మెచ్చిరి. త్రాగిన తరువాత చెప్పినను మెప్పు తగ్గలేదు. త్రాగకముందే చెప్పినపుడు మాత్రము అదే బీరు బాగులేదనిరి. అనగా వినిన మాట రుచి చూచు అనుభవమునే మార్చివేసినది. సీసాపై పేరు, ధర, రంగు, పక్కవాని ముఖకవళిక – ఇవి అన్నియు వెనిగరు వంటివే. బీర్లను పోల్చి వ్రాయువారిలో పేరు చూచి త్రాగి వ్రాసినవారి మాట వినుటకు ఇంపుగా ఉండవచ్చును గాని దానిని సాక్ష్యముగా తీసికొనుటకు నేను సంకోచింతును.

బీరు కర్మాగారములు ఈ చిక్కును ముందే గ్రహించినవి. శాస్త్రమునకు అవి చేసిన మేలు కొంచెము కాదు. ఆమ్లత్వమును తెలుపు పి.హెచ్. కొలతను 1909లో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టినది కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలోనే. డబ్లిన్‌లోని గిన్నెస్ బ్రూవరీలో ఉద్యోగి అయిన గాసెట్ కొద్ది నమూనాలతోనే నిర్ణయమునకు వచ్చుట ఎట్లో ఆలోచించి, 1908లో "స్టూడెంట్" అను మారుపేరుతో వ్యాసము ప్రకటించెను. నేడు గణాంకశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు నేర్చుకొను టి-పరీక్షకు మూలమదియే. 1940 దశకములో కార్ల్స్‌బర్గ్‌లోనే హెల్మ్, ట్రోలె అనువారు రుచి చూచువారిని ఎంచుకొనుటకు వాడిన మూడు గ్లాసుల పరీక్ష మనకిప్పుడు కావలసినది.

దాని తీరు మిక్కిలి సులభము. మూడు గ్లాసులలో రెంటియందు ఒకటే పానీయము, మూడవదానియందు వేరొకటి పోయవలెను. వేరుగా ఉన్నదేదో చెప్పుమని అడుగవలెను. "ఏది బాగున్నది?" అని అడుగరాదు. ఏమియు తెలియనివాడు గ్రుడ్డిగా చెప్పినను మూడింట ఒకసారి సరిపోవును. కనుక 12 మంది విద్యార్థులలో నలుగురు సరిగా చెప్పినచో వింత లేదు. ఏడుగురు చెప్పినను సందేహమే, ఏలయన కేవలము అదృష్టమువలన ఏడుగురుగాని అంతకు మించిగాని సరిగా చెప్పు సంభావ్యత నూటికి 6.6. ఎనమండుగురు చెప్పినచో అది నూటికి 1.9కి పడిపోవును. అప్పుడు భేదము నిజముగా తెలియుచున్నదని నమ్మవచ్చును. పై తరగతుల విద్యార్థులు ద్విపద సిద్ధాంతముతో ఈ లెక్కను తామే చేసి సరిచూచుకొనవచ్చును.

ఇక ఆలూరుకు వత్తము. జొన్నతో బీరు చేయుదురా అని ఎవరైన అడుగవచ్చును. ఆఫ్రికాలో తరతరములనుండి చేయుచున్నారు. నైజీరియా ప్రభుత్వము 1988లో బార్లీ దిగుమతిని నిషేధించినపుడు అచటి పెద్ద బ్రూవరీలు సైతము జొన్నకు మారవలసి వచ్చెను. జొన్న పిండిపదార్థము బార్లీదానికంటె ఎక్కువ వేడికిగాని ఉడుకదు. చక్కెరగా మార్చు ఎంజైములును జొన్న మాల్టులో తక్కువ. కాబట్టి వారు పద్ధతులనే మార్చుకొనిరి. ఆఫ్రికా పల్లెల జొన్నబీరు పుల్లగా, చిక్కగా, మబ్బుగా ఉండును. దాని పులుపునకు కారణమైన లాక్టిక్ బాక్టీరియాయే మన పులిసిన అంబలిలోను పనిచేయును. అనగా రెండును దూరపు చుట్టములు.

ఒక హెచ్చరిక అవసరము. జొన్న లేత పైరు, అందును వానలేక వాడిన పైరు మేసిన పశువు "నాము" తగిలి చచ్చుట ఈ ప్రాంతపు రైతు బిడ్డలకు తెలిసినదే. లేత జొన్నలోని ధుర్రిన్ అను పదార్థమునుండి హైడ్రోసయనిక్ ఆమ్లము వెలువడుటయే నాము. పండి ఎండిన గింజలో ధుర్రిన్ దాదాపు ఉండదు. కాని గింజ మొలకెత్తగానే మొలకలో, వేరులో అది విశేషముగా చేరును. జొన్న మాల్టు చేయువారు మొలకలను, వేళ్లను తీసివేయుట అందుకే. కాబట్టి మన ప్రయోగమునకు మొలకెత్తని జొన్నలనే వాడవలెను.

రెండు రకముల జొన్నలు తీసికొనుడు, ఒకటి పాతది, ఒకటి సంకరము. పాత రకపు గింజ గత సంవత్సరపుది, సంకరము ఈ సంవత్సరపుది కారాదు. అట్లయిన మనము రకమునుగాక నిలువను పరీక్షించినట్లగును. ఒకే మరలో, నడుమ మరను శుభ్రముచేసి, పిండి పట్టించి, ఒకే కొలత పిండికి ఒకే కొలత నీరు పోసి, ఒకే విధమైన పాత్రలలో అంతే సేపు కాచి, ఒకేచోట రాత్రియంతయు పులియనిండు. ఉప్పు తూచి వేయుడు. మజ్జిగ, ఉల్లిగడ్డ వలదు. తెల్లవారి పి.హెచ్. కాగితముతో రెండింటిని చూడుడు. పులుపులో తేడా ఉన్నచో విద్యార్థి కనిపెట్టినది గింజ రుచి కాక పులుపు కావచ్చును. అది గూడ ఒక ఫలితమే, వ్రాసి ఉంచవలెను.

గ్లాసులపై మూడంకెల సంఖ్యలు వ్రాయుడు. క, ఖ అని వ్రాసినచో పిల్లలు "క"నే మంచిదనుకొందురు. కకఖ, కఖక, ఖకక, ఖఖక, ఖకఖ, కఖఖ అను ఆరు వరుసలలో ఒక్కొక్కదానిని ఇద్దరికి ఇచ్చినచో 12 మందికి సరిపోవును. గ్లాసులు ఇచ్చువానికి సైతము ఏ సంఖ్య ఏ జొన్నదో తెలియరాదు. రంగులో భేదమున్నచో కండ్లకు గంతలు కట్టవలెను. గ్లాసుకు గ్లాసుకు నడుమ గుక్కెడు నీళ్లు, నాలుగు బొరుగులు నోటిని శుభ్రపరచును. ఒకరి జవాబు ఒకరు వినకుండ చీటీపై వ్రాయించుడు.

ఎనమండుగురో అంతకు మించియో సరిగా చెప్పినచో, అప్పుడే రెండవ ప్రశ్నకు పోవలెను: ఏది నచ్చినది? దీనికి వేరే దినము, మొదటి పరీక్షలో లేని పిల్లలు, రెండే గ్లాసులు కావలెను. ఇచట గ్రుడ్డిగా చెప్పినను సగము సగము వచ్చును గనుక లెక్క మారును. ఎనమండుగురు రానిచో రుచిలో భేదము లేదని తేలినట్లు కాదు. 12 మంది నాలుకలకు అందలేదని మాత్రమే చెప్పవలెను. అప్పుడు మరి 12 మందితో చేయవచ్చును, లేదా అదే పిండితో రొట్టెలు కాల్పించి పరీక్షింపవచ్చును. రొట్టె పరీక్షకు పెద్దలనే పిలుచుట మేలు, పాత జొన్నను గుర్తుపట్టగలమని మొదట చెప్పినవారు వారే గదా.