నమోదు పుస్తకం నుంచి చికిత్సా సిద్ధాంతం వరకు: ఎలియట్ జోస్లిన్ వైద్యజీవితం

కీలక పదాలు: మధుమేహం, వైద్యచరిత్ర, ఎలియట్ జోస్లిన్, రోగుల నమోదు, రోగివిద్య, ఆధారం

1. ప్రవేశిక

అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 1921లో మధుమేహ నివారణపై ఒక వ్యాసం వెలువడింది. న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు ఒక ప్రశాంతమైన గ్రామంలో పక్కపక్కనే ఉన్న మూడు ఇళ్ల ప్రస్తావనతో అది మొదలవుతుంది. ఆ ఇళ్లలో ఒకరి తరువాత ఒకరుగా కాపురమున్న కుటుంబ పెద్దలు ఏడుగురు. వారిలో ఆరుగురిని మధుమేహమే బలిగొన్నది. ఇదే అంటువ్యాధి అయివుంటే కారణం వెతకడానికి యంత్రాంగమంతా కదిలేదని, వ్యాధి మధుమేహం కావడంవల్ల, మరణాలు ఏళ్ల ఎడంతో సంభవించడంవల్ల ఎవరికీ పట్టలేదని వ్యాసకర్త వాదన.

ఆ వ్యాసకర్త ఎలియట్ ప్రోక్టర్ జోస్లిన్ (1869–1962). మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ ఆయన స్వస్థలం. యేల్‌లో చదివి, 1895లో హార్వర్డ్ వైద్య విద్యాలయం నుంచి పట్టభద్రులై, 1898లో బోస్టన్‌లో వైద్యవృత్తి ప్రారంభించారు. తరువాత హార్వర్డ్‌లోనే క్లినికల్ ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఆయన జీవితాన్ని సాధారణంగా ఇన్సులిన్ కథలో ఒక ప్రకరణంగా చెబుతుంటారు. అయితే ఇన్సులిన్ చేతికందేనాటికి ఆయన వయస్సు 53 ఏళ్లు. అప్పటికే మధుమేహ వైద్యంలో ఆయన మాట ప్రమాణంగా చెల్లుతోంది. మందు లేని కాలంలో ఒక వైద్యుడికి ఆ ప్రామాణ్యం ఎక్కడి నుంచి వచ్చిందన్నది పరిశీలించదగిన ప్రశ్న. ఏళ్ల తరబడి వదలకుండా నింపిన రోగుల నమోదు పుస్తకమే దానికి మూలం. ఆయన సిద్ధాంతానికి బలమూ బలహీనతా కూడా అక్కడి నుంచే వచ్చాయి.

2. పాత కాగితాలతో మొదలు

వైద్యవిద్యార్థిగా ఉన్న 1893లోనే జోస్లిన్ తన తొలి మధుమేహ రోగి వివరాలు రాసుకున్నారు. ఆమె ఒక ఐరిష్ యువతి. 1898లో తన గురువు రెజినాల్డ్ ఫిట్జ్‌తో కలిసి మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో 1824 నుంచి నమోదైన 172 మధుమేహ కేసులను పరిశీలించి ప్రచురించారు. మూడు పావుల శతాబ్దంలో ఒక పెద్ద ఆసుపత్రికి దక్కిన కేసులు అన్నే. ప్రయోగశాలలో కాక పాత కాగితాల నడుమ పరిశోధన జీవితం మొదలుకావడం గమనార్హం. సాహిత్య పరిశోధకులకు ఇది సుపరిచితమైన దారే.

ఆ తరువాత కొద్దికాలానికే ఆయన తల్లికి మధుమేహం సోకింది. ఆమె పేరూ అదే పుస్తకంలోకి ఎక్కింది. కఠినమైన ఆహారనియమంతో ఆమె దశాబ్దానికి పైగా జీవించారు. వయస్సు మళ్లినవారికి వచ్చే రకం కాబట్టి అంతకాలం బతికారని నేటి వైద్యులు అనవచ్చు. కుమారుడికి మాత్రం అది నియమనిష్ఠకు దొరికిన ప్రతిఫలంగా కనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు. 1916లో ఆయన వెలువరించిన చికిత్సా గ్రంథం వెయ్యిమంది రోగుల పరిశీలనపై ఆధారపడింది.

ఆ రోజుల్లో ఫ్రెడరిక్ అలెన్ ప్రతిపాదించిన ఉపవాస చికిత్సను జోస్లిన్ స్వీకరించారు. మూత్రంలో చక్కెర కనిపించకుండా పోయేదాకా ఆహారం ఆపడం, ఆపై శరీరం తట్టుకునే మేరకే పెట్టడం ఆ పద్ధతి. అది పిల్లలను ఎముకల గూడుగా మార్చింది. కొందరిని ఇన్సులిన్ వచ్చేదాకా నిలబెట్టింది కూడా. 1922 ఆగస్టు 7న జోస్లిన్ చేతిమీదుగా తొలి ఇన్సులిన్ పొందిన నర్సు బరువు అప్పటికి సుమారు 70 పౌండ్లు, అంటే 32 కిలోలు. ఇంకెన్నాళ్లు బతికారన్నది నమోదు పుస్తకంలో లెక్కకు వస్తుంది. ఆ రోజులు ఎంత ఆకలితో గడిచాయన్నది రాదు.

నమోదు పుస్తకానికి మరో పరిమితి ఉంది: వైద్యుడి గడప తొక్కినవారే అందులో ఉంటారు. ఈ సంగతి ఆయన స్వస్థలమే నిరూపించింది. ఆక్స్‌ఫర్డ్ పట్టణంలో 3,516 మందిని పరీక్షించి విల్కర్సన్, క్రాల్ 1947లో ఫలితాలు ప్రకటించారు. తేలిన 70 మంది మధుమేహుల్లో 40 మందికే తమ వ్యాధి సంగతి ముందు తెలుసు. మిగిలిన 30 మంది ఏ వైద్యుడి లెక్కలోనూ లేరు.

3. రోగికి పాఠం

ఇన్సులిన్‌కు నాలుగేళ్ల ముందే, 1918లో, జోస్లిన్ ఒక కరదీపికను ప్రచురించారు. అది వైద్యుడూ రోగీ ఇద్దరూ వాడుకోవడానికని శీర్షికలోనే చెప్పారు. వైద్యుడు ఆజ్ఞాపిస్తే రోగి తలవంచే కాలంలో ఒకే పుస్తకం ఇద్దరి చేతుల్లో పెట్టడం సాహసమే. ఆహారం తూచుకోవడం, మూత్రపరీక్ష చేసుకోవడం, పాదాలు కాపాడుకోవడం రోగి నేర్వవలసిన విద్యలయ్యాయి. బెనెడిక్ట్ ద్రావణంలో కొన్ని చుక్కల మూత్రం కలిపి వేడిచేస్తే నీలం పోయి ఆకుపచ్చ, పసుపు, ఇటుకరంగు వస్తాయి. చక్కెర ఎంత ఎక్కువైతే రంగు అంత ఎర్రబారుతుంది. (ఈ బెనెడిక్ట్, జోస్లిన్‌తో జీవక్రియా పరిశోధనలు చేసిన ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ ఒకరు కారు.) ఇళ్లకు వెళ్లి ఈ పనులు నేర్పే నర్సులకు ఆయన ప్రత్యేక శిక్షణ ఇప్పించారు. 1924లో ఆయన బృందంలో చేరిన ప్రిసిల్లా వైట్ మధుమేహం ఉన్న గర్భిణుల సంరక్షణను ఒక శాస్త్రశాఖగా పెంచారు.

జోస్లిన్ రోగిని రథసారథిగా ఊహించారు. ఆహారం, ఇన్సులిన్, వ్యాయామం ఆ రథానికి కట్టిన మూడు గుర్రాలు. కఠోపనిషత్తులోని రథరూపకం మన పాఠకులకు వెంటనే స్ఫురిస్తుంది కానీ రెండింటికీ సంబంధం కల్పించనక్కరలేదు. ఇక్కడ ముఖ్యమైనది పగ్గాలు రోగి చేతిలో ఉండటం. ఇందులో గౌరవం ఉంది, బరువూ ఉంది. రథం బోల్తాపడితే తప్పు సారథిదే అవుతుంది. సమస్యలు లేకుండా దీర్ఘకాలం గడిపినవారికి పతకాలిచ్చే సంప్రదాయాన్నీ ఆయనే నెలకొల్పారు. పతకం రానివారు తమ నిష్ఠలోనే లోపముందని అనుకునే అవకాశం ఆ ఏర్పాటులోనే దాగి ఉంది.

4. టోల్‌స్టాయ్ అభ్యంతరం

ఇన్సులిన్ మరణాన్ని వాయిదా వేసిందే కానీ వ్యాధిని తొలగించలేదు. బతికినవారిలో కంటి, మూత్రపిండ, నరాల సమస్యలు ఏళ్ల తరువాత తలెత్తాయి. క్రిస్ ఫ్యూట్నర్ అనే వైద్యచరిత్రకారుడు జోస్లిన్ క్లినిక్ రికార్డుల ఆధారంగా ఈ రూపాంతరాన్నే 2003లో గ్రంథస్థం చేశారు. ఈ సమస్యలు చక్కెర అదుపు తప్పడంవల్లనే వస్తాయని, కఠిన నియంత్రణతో వాటిని నివారించవచ్చని జోస్లిన్ పట్టుబట్టారు. న్యూయార్క్ వైద్యుడు ఎడ్వర్డ్ టోల్‌స్టాయ్ దీన్ని అంగీకరించలేదు. రోగి కులాసాగా ఉండి, కీటోన్లు లేకుంటే మూత్రంలో కొంత చక్కెర పోయినా ఫరవాలేదని, తూకపు తిండితో జీవితాన్ని చేదు చేయనక్కరలేదని ఆయన వాదించారు.

ఇద్దరిలో ఎవరు సరైనవారో చెప్పే శక్తి జోస్లిన్ పుస్తకానికి లేదు. నియమం పాటించినవారు ఆరోగ్యంగా ఉన్నారని అది చూపగలదు. తేలికపాటి వ్యాధి, సంపాదన, ఇంట్లో తోడు ఉన్నవారే నియమం పాటించగలిగారేమోనన్న సందేహాన్ని తీర్చలేదు. మెట్రొపాలిటన్ బీమా సంస్థ గణాంకవేత్తలు డబ్లిన్, మార్క్స్‌లతో కలిసి జోస్లిన్ మరణాల లెక్కలను ఎంతో పకడ్బందీగా విశ్లేషించారు. అయినా రోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విడదీసి పోల్చి చూస్తే తప్ప ఆ సందేహం తీరదు.

ఆ పోలిక ఆయన మరణించిన 31 ఏళ్లకు, 1993లో వెలువడింది. అమెరికా, కెనడాలలో 1,441 మంది టైప్ 1 మధుమేహులను సగటున ఆరున్నరేళ్లు గమనించిన ఆ అధ్యయనంలో, అప్పటికి కంటి సమస్య లేనివారిలో కఠిన నియంత్రణ ఆ ముప్పును 76 శాతం తగ్గించింది. మూల ప్రతిపాదనలో జోస్లిన్ నెగ్గారు. అయితే కఠిన నియంత్రణలో ఉన్నవారిలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయే ఘటనలు ఇతరులతో పోలిస్తే సుమారు మూడింతలయ్యాయి. రోజువారీ జీవితంలో నియంత్రణకు చెల్లించే మూల్యం గురించి టోల్‌స్టాయ్ లేవనెత్తిన ప్రశ్నను ఆ ఫలితాలు కొట్టివేయలేదు.